పదకొండో ప్రశ్న

ప్రాజెక్టుకు ముప్పైమంది కావాలన్నరు నస్రీన్ మేడం.
తోటి పిల్లలు జిమ్ముల వెంట తిరిగిన్రు,
నయీంనగర్‌ల, నక్కలగుట్టల
అద్దాల ముందు డంబెల్స్ ఎత్తేటోళ్ల దగ్గరికి.
నేను ఎనుమాముల మార్కెట్‌కు పోయిన.
మొదటి పేరు ముందే తెలుసు:
మొగిలి, యాభై రెండేండ్లు, హమాలీ.
మా నాయిన.

మార్చి నెల. తేజ మిర్చి దిగుతున్నది.
యార్డు గేటు దాటకముందే
ముక్కు చెప్తది సీజనని.
నేను తుమ్మిన. ఓదెలు కాక నవ్విండు,
"సదువుకు ఘాటు తగిలింది" అని.
బీపీ మిషను, స్టాప్‌వాచ్, అట్టకు పెట్టిన ఫారాలు
కాంటా పక్కన బస్తా మీదనే పరిచిన.

మణికట్టు పట్టుకున్న.
నాయిన చెయ్యి ఇంతసేపు పట్టుకున్నది
చిన్నప్పుడు ఐలోని జాతర మందిలనే.
నిమిషానికి యాభై నాలుగు.
మళ్ల లెక్కబెట్టిన. యాభై నాలుగే.
మా పుస్తకంల ఈ అంకె పక్కన
మారథాన్ ఉరికేటోని బొమ్మ ఉంటది,
రంగు బనీను, రొమ్ము మీద నంబరు.

తర్వాత గొట్టమిచ్చి ఊదమన్న.
ముల్లు సగం దాక పోయి ఆగింది.
ఇరవై తొమ్మిది సీజన్ల దుమ్ము
అక్కడ అడ్డం కూసున్నది.
గుండె ఒక మాట చెప్పింది, ఊపిరి ఇంకొకటి.
మోకాళ్లను నేను అడగలేదు,
లేచేటప్పుడు అవే చెప్పినయి.

పదకొండో ప్రశ్న:
"మీరు వారానికి ఎన్ని గంటలు వ్యాయామం చేస్తారు?"
చదివి వినిపించిన.
"ఎక్సర్‌సైజా?" అన్నడు
తలగుడ్డ విప్పి మొఖం తుడుసుకుంట,
"నాకెక్కడ తీరుతది బిడ్డా."

ఆ గడిల "లేదు" అని రాసిన.
పొద్దటి సంది ఆయన వీపు మీదికెల్లి
నూట పద్దెనిమిది బస్తాలు లారీ ఎక్కినయి.
పెన్ను ఆగుతదనుకున్న. ఆగలే.

రాత్రి హాస్టల్‌ల నోట్సు తెరిచిన:
కండ గట్టిపడేది బరువు ఎత్తినప్పుడు కాదు,
దించినంక. నిద్రల, నీడపట్టున.
ఎత్తుడు సగం పాఠమే.
ఆ రెండో సగం మా ఇంటికి ఎన్నడు రాలే.
అమ్మకు కూడ రాలే,
దినమంత తొడిమెలు తీసి
రాత్రి పెరుగు గిన్నెల వేళ్లు ముంచి
మంట సల్లారేదాక గోడకొరిగి కూసునే అమ్మకు.

మేడం నా ఫారం చూసి చాలసేపు ఏమనలే.
"మారిస్తె డేటా తప్పయితది.
మార్చకపోతె..." అని
మాట అక్కడనే ఇడిసిపెట్టి
పెన్సిల్‌తోని ఆ గడి చుట్టు సున్న గీసిచ్చింది.

అమాస. మార్కెట్ బందు.
పొద్దుగాల ఐదున్నరకు
ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తోలుకొచ్చిన నాయినను.
డాక్టర్లు, రిటైరైన సార్లు,
కానిస్టేబుల్ పరీక్షకు ఉరికే పోరగాండ్లు,
అందరి కాళ్ల కింద ఒక్కటే ఎర్రమట్టి.
"ఏం మోసుకపోవాలె?" అన్నడు.
"ఏం లేదు. ఊకెనే నడువు."
"ఎక్కడిదాక?"
"మళ్ల ఇక్కడికే."
నా దిక్కు చూసిండు,
ఫీజు కట్టింది దీనికేనా అన్నట్టు.

నడిసిండు.
మెడ ఎడమకు వంచి, కుడిభుజం లేపి,
లేని బస్తా కింద ఉన్నోని తీరుగ.
ముందట గుంపు అడ్డమొస్తె
"జరుగుండ్రి, జరుగుండ్రి" అని కేకేసిండు.
తెల్లబూట్ల పెద్దమనిషి బెదిరి పక్కకు జరిగి
వీపు మీద ఏమున్నదో అని ఎతికిండు.

మొదటి రౌండు తిరిగొచ్చి
"దీనికి కూలి ఎవరిస్తరు?" అని నవ్వుకుంటనే అడిగిండు.
జవాబు దొరికేలోపు దాటిపోయిండు.

రెండో రౌండు సగంల ఆగిపోయిండు.
ఆయాసమనుకొని ఉరికిన,
పల్సు చూద్దామని చెయ్యి పట్టబోయిన.
"ఏం కాలే" అన్నడు.
వంగి చెప్పులు రెండు ఇడిసి
చేతిల పట్టుకున్నడు.
"చేతులు ఖాళీగుంటె
నడక వస్తలేదే."